నా మ్యూచువల్

మా స్టాఫ్‌రూమ్‌లో ‘మ్యూచువల్’ అంటే ఒక మనిషి. డిక్షనరీ ఏమైనా చెప్పుకోనీ, మా ఛత్తీస్‌గఢ్ బీజాపూర్‌లో దానికి కాళ్ళూ చేతులూ ఉంటాయి, సొంతూరు ఉంటుంది, ఫోన్ నంబరు ఉంటుంది. “మేడమ్, మ్యూచువల్ దొరికిందా?” అని అడుగుతారు, మీ అమ్మాయికి సంబంధం కుదిరిందా అన్నట్టు. ఒక బడిలో పనిచేసే టీచరు ఇంకో బడి టీచరుతో చోటు మార్చుకోవాలంటే ఇద్దరూ ఇష్టపడి దరఖాస్తు పెట్టుకోవాలి. అలా ఇష్టపడే రెండో మనిషే మ్యూచువల్.

పెళ్ళిచూపుల తంతంతా ఇందులోనూ ఉంది. బస్సు ఊళ్ళోకి వస్తుందా, ఫోను పలుకుతుందా, హెడ్‌మాస్టరు ఎలాంటివాడు, బాడుగకు గది దొరుకుతుందా అని ఆరాలు తీస్తారు. బీజాపూర్ అనగానే మాత్రం గొంతు మారిపోతుంది. “ఇంట్లో అడిగి చెప్తాం మేడమ్” అంటారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పరు. నాకలాంటి సంబంధాలు చాలానే తప్పిపోయాయి.

నేను చెప్పేది ఇంగ్లీషు. పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడి, బజార్లో హిందీ మాట్లాడి, నా దగ్గరికొచ్చి నోరు మూసుకుంటారు. వాళ్ళ నోరు తెరిపించడానికి నేనొక ఆట కనిపెట్టాను. ఇద్దరిని లేపి ఎదురెదురుగా నిలబెట్టి ఒక మాట ఇస్తాను. ఆ మాట రెండు వైపులా నడుస్తుందా, ఒక వైపే నడుస్తుందా అని మిగతావాళ్ళు అరవాలి. ‘టీచర్’ ఒక వైపే నడుస్తుంది. నేను నీకు టీచర్నయితే నువ్వు నాకు టీచరువి కావు. ‘ఫ్రెండ్’ రెండు వైపులా నడుస్తుంది. ‘నైబర్’ కూడా. ‘కజిన్’, ‘పార్ట్‌నర్’, ‘ట్విన్’ కూడా. వాళ్ళ భాషల్లోంచి కూడా తెమ్మంటాను. భోపాల్‌పట్నం వైపు నుంచి వచ్చిన ఒక పిల్లకు తెలుగొచ్చు. నేను తోడికోడలు అన్నాను, తోడికోడలికి తోడికోడలే కదా అని. ఆ పిల్ల లేచి, “మేడమ్, సవతి గూడా!” అంది. సవతికి సవతే. కాదని ఎలా అంటాను? అది మిగతావాళ్ళకు హిందీలో విడమర్చి చెప్పేసరికి క్లాసంతా బల్లలు బాదింది.

ఆ ఆట చివర్లో నా మాటొకటి చెప్పేదాన్ని. గజామూంగ్. అదంటే ఏమిటో బస్తర్ పిల్లలకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ళకు చెప్పాలి.

జగదల్‌పూర్‌లో వానాకాలంలో జగన్నాథుడి రథం తీస్తారు. గోంచా పండుగ. కుర్రాళ్ళు వెదురు గొట్టాల్లో పచ్చికాయలు కూరి రథం చుట్టూ టపాటపా పేలుస్తుంటారు. ఆ పండుగలో ప్రసాదం మొలకెత్తిన పెసలు, బెల్లం. దాని పేరు గజామూంగ్. ఇద్దరు ఆడపిల్లలు ఆ పెసలు ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుని బొట్టు పెట్టుకుంటే, ఆరోజు నుంచి వాళ్ళిద్దరూ ఒకరికొకరు గజామూంగ్. ఇక చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు నోటితో పలకకూడదు. ఆమె నన్ను గజామూంగ్ అని పిలవాలి, నేనూ ఆమెను గజామూంగ్ అనే పిలవాలి. ఆమె తల్లి నాకు తల్లి, నా బిడ్డ ఆమెకు బిడ్డ. నోరు జారి పేరు పెట్టి పిలిస్తే జరిమానా ఒక కొబ్బరికాయ.

టీచర్ ట్రైనింగుకు జగదల్‌పూర్‌లో ఉన్నప్పుడు, హాస్టల్లో నాదీ నా గజామూంగ్‌దీ పక్కపక్క మంచాలు. ఆమెది కిరందుల్. వాళ్ళ నాన్న గనిలో పనికని ఆంధ్రా నుంచి వచ్చి కంపెనీ క్వార్టర్లో సంసారం పెట్టాడు. ఆమెది పత్రికల తెలుగు. నాది కొంటా బ్లాకులో గొల్లపల్లి పక్క ఊరు. నా తెలుగు భద్రాచలం సంతలో వినిపించే తెలుగు. నేను ‘ఏంది’ అన్నప్పుడల్లా ఆమె నవ్వేది, ఆమె ‘అండీ’ అన్నప్పుడల్లా నేను నవ్వేదాన్ని. గోంచా చూడ్డానికి వెళ్ళినప్పుడు గజామూంగ్ అవుదామన్నది ఆమే. నేను వెంటనే ఊ అనలేదు. “ఇది ఆట గాదు. అయితే చచ్చిందాక అయితం” అన్నాను. “అవుదాం, అందుకేగా” అంది.

హాస్టల్లో వంట చేసే పెద్దావిడ మా ఇద్దరినీ కూర్చోబెట్టి పెసలు తినిపించింది. పద్ధతులన్నీ ఆవిడే చెప్పింది. మొదటి నెలల్లో ఆమె తెగ నోరు జారేది. స్నానాల గది బయట నిలబడి నా పేరు పెట్టి కేకేసేది, నాలుక కరుచుకునేది, సాయంత్రానికి కొబ్బరికాయ తెచ్చేది. ఆమె నోరు జారిన రోజల్లా హాస్టల్లో కొబ్బరి చట్నీ. నేను ఒక్కసారి కూడా జారలేదు. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు, మామ పేరు పలకరు. మా నోళ్ళకది చిన్నప్పుడే అలవాటు చేస్తారు.

ఉద్యోగాలొచ్చాక దేవుడు ఒక వేళాకోళం ఆడాడు. నన్ను బీజాపూర్‌లో వేశారు. ఆమెను మా ఊరి బడిలో వేశారు. అప్పటికి నాకు ఊళ్ళోనే పెళ్ళయింది, బిడ్డ పుట్టింది. ఆయనకు వరి పొలం, మా అత్తమ్మకు ఇప్పచెట్లు, బర్రెలు. వాళ్ళు కదలలేరు. చంటిదాన్ని తీసుకెళ్ళి నాతో ఉంచుకున్నాను గానీ, నేను బడికి వెళ్తే చూసేవాళ్ళు లేరు. పాలు మాన్పించి అత్తమ్మ దగ్గర వదిలి వచ్చాను. గీదం, దంతెవాడ, సుక్మా, కొంటా, అక్కణ్ణుంచి జీపు. పొద్దున బయల్దేరితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతాను. నాలుగు రోజులు సెలవులు కలిసొస్తే తప్ప ఆ ప్రయాణానికి అర్థం లేదు.

మా ఇంటి పక్క గదే ఆమె బాడుగకు తీసుకుంది. తిండి మా ఇంట్లోనే. గజామూంగ్ ఇల్లంటే సొంతిల్లే కదా, మా అత్తమ్మ కూడా అలాగే చూసుకుంది. చేపలు తెచ్చిన రోజు మొదటి ముక్క ఆమె కంచంలోనే. నా బిడ్డ ఆమె దగ్గరే అక్షరాలు దిద్దింది. గజామూంగ్ అనడం నోరు తిరక్క, దానర్థం పెసలని తెలుసుకుని, ‘పెసలమ్మ’ అని పిలిచేది. నా బిడ్డ తల దువ్వి జడేసిన చేతులు ఎక్కువగా ఆమెవే. ఒక్కోసారి ఆ చేతుల మీద అసూయ పడేదాన్ని. కానీ వేరే ఎవరి చేతులో కావు కదా అని సర్దుకునేదాన్ని.

ఒకసారి దసరా సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు పిల్ల వాకిట్లో జారి మోకాలు కొట్టుకుంది. నేను అక్కడే, చేతికందే దూరంలో ఉన్నాను. పిల్ల నన్ను దాటుకుని “నాయనమ్మా!” అని ఏడ్చుకుంటూ పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. అత్తమ్మ నా ముఖం చూసి, “అలవాటు గదనే, ఏమనుకోకు” అంది. ఏమనుకోకుండా ఎలా ఉంటాను? ఆ రాత్రి ఆయనతో చెప్పాను, ఇక ఏది ఏమైనా నా బిడ్డతో ఒక ఇంట్లో ఉండాలి అని. జీతం, ప్రమోషను, పట్నం, అన్నీ దాని తర్వాతే అని.

ఉపాయం చెప్పింది గజామూంగే. మర్నాడు మా అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఉన్నట్టుండి అంది.

“మనిద్దరం మ్యూచువల్ పెట్టుకుందాం గజామూంగ్. నువ్వు ఇక్కడికి, నేను బీజాపూర్‌కి.”

“బీజాపూర్‌కా? నీకేం పిచ్చా?”

“అక్కడ ఫోనుంది, రోడ్డుంది. జగదల్‌పూర్‌కి నేరుగా బస్సుంది. ఇక్కడ నాకు ఊపిరాడ్డం లేదే. మా ఆయనతో ఫోన్లో మాట్లాడాలంటే గుట్టెక్కాలి.”

ఆమె భర్త జగదల్‌పూర్ పక్కన నగర్‌నార్ స్టీలు ప్లాంటులో పనిచేస్తాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరూ సెలవుల మొగుడూ పెళ్ళాలే. నాకు బిడ్డ ఎలాగో ఆమెకు ఆయన అలాగ. నేనది ఎరుగుదును. అందుకే అడిగాను, “బీజాపూర్ పోతే మాత్రం నగర్‌నార్ దగ్గరైతదా?” అని. “సగం దూరమైనా కలిసొస్తుంది” అంది. బదిలీలు తెరవగానే ఇద్దరం కలిసి పెట్టుకోవాలని మాట అనుకున్నాం. మాటంటే చేతిలో చెయ్యి వెయ్యలేదు, ప్రమాణం చెయ్యలేదు. పెసలు తిన్నవాళ్ళకు మళ్ళీ ప్రమాణమెందుకు?

పిల్ల మా మాటలన్నీ వింటూనే ఉంది. పెసలమ్మ వెళ్ళాక నా ఒళ్ళో కూర్చుని అడిగింది.

“గజామూంగ్ అంటే ఏందమ్మా?”

“ఆమె నాకేం చేస్తే నేను ఆమెకదే చేస్త. నేనేం చేస్తే ఆమె నాకదే చేస్తది. ఇద్దరికీ పేరు ఒకటే, చేసేది ఒకటే.”

“అయితే నువ్వు మా బడికొస్తవ్, పెసలమ్మ నీ బడికి పోతది.”

“ఆఁ, గంతే.”

“ఎప్పుడు?”

“వానలు పడంగనే.”

పిల్లలకు చెప్పకూడని మాటొకటి ఉందంటే అదే. ఆ మర్నాటి నుంచి ఊరంతా చాటింది. మా అమ్మ మా బడికి మేడమ్‌గా వస్తుందని తోటి పిల్లలకు చెప్పింది. వానలు ఎప్పుడు పడతాయని నాన్నను పొలంలో అడిగింది. నాయనమ్మ పక్కలోంచి తన దుప్పటి తీసి నా పెట్టె మీద పెట్టిందట, అమ్మ వచ్చాక ఇక్కడే పడుకుంటానని. ఇవన్నీ నాకు ఫోన్లో చెప్పింది ఎవరనుకున్నారు? గుట్టెక్కి మరీ ఫోన్ చేసి, నవ్వుతూ చెప్పింది గజామూంగే.

నేను బీజాపూర్‌లో నా ఏర్పాట్లు మొదలుపెట్టాను. నా గది ఆమెకే ఇవ్వమని ఇంటావిడతో మాట్లాడాను. గ్యాస్ పొయ్యి, బకెట్లు, మంచం అక్కడే వదిలేస్తానన్నాను. ఏ కూరగాయలావిడ నమ్మకస్తురాలో, ఏ కిటికీలోంచి వాన కొడుతుందో ఆమెకు ముందే చెప్పి పెట్టాను. సంక్షిప్తంగా చెప్పాలంటే, అత్తారింటికి పంపే పిల్లకు చెప్పినట్టు చెప్పాను.

చలికాలంలో నాకొక అదృష్టం వచ్చింది. కొంటాలో పనిచేసే ఒక సారు ఫోన్ చేశాడు. భార్యకు బీజాపూర్‌లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చిందట, మ్యూచువల్ కావాలట. కొంటా నుంచైతే రోజూ ఇంటికి వెళ్ళిరావచ్చు. ఎన్నేళ్ళ తర్వాత నన్నొకరు అడిగారు! నేనేం చేశాను? “క్షమించండి సార్, నాకు మాట అయిపోయింది” అన్నాను. ఆయన ఇంకెవరినో చూసుకున్నాడు. ఆ సంగతి గర్వంగా గజామూంగ్‌కు చెప్పాను కూడా. ఆమె “అయ్యో, నాకోసమా” అంది. నేను దాన్ని కృతజ్ఞత అనుకున్నాను.

ఇంకొక తెలివితక్కువ పని ఉంది, అది అంతకుముందే చేశాను. మా పక్క ఊరి అమ్మాయొకామె నగర్‌నార్ దగ్గర బడిలో పనిచేస్తుంది. సుక్మా బస్సులో నా పక్కన కూర్చుని, అత్తగారింటికి దగ్గరగా రావాలని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాలాంటి తల్లే. నాకు జాలేసింది. గజామూంగ్‌తో చెప్పాను, “మీ ఆయన అక్కడే ఉంటడు గదా, కొంటా వైపు నుంచి అక్కడికి వచ్చేటోళ్ళు ఎవరన్నా తెలిస్తే ఆమెకు చెప్పు” అని. నంబరు కూడా నా చేతులతోనే ఇచ్చాను. కంచెను పిలిచి, ఇదిగో చేను, ఇటు పక్క బాగా పండింది అని చూపించాను.

బదిలీలు ఎండాకాలంలో తెరిచారు. మా పరీక్షల పని అవుతోంది. గజామూంగ్ ఫోన్ కలవడం లేదు. మా ఊరి ఫోన్లు కలవకపోవడం వింత కాదు గనక నేను దరఖాస్తు సిద్ధం చేసుకుని ఆమె కోసం చూస్తున్నాను. ఒకరోజు మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీస్తుండగా ఫోన్ మోగింది. ఆ పక్క ఊరి అమ్మాయి.

“అక్కా, మీ రుణం తీర్చుకోలేను. మీరు ఆ మేడమ్‌కి నా గురించి చెప్పకపోతే నేను జన్మలో ఇంటికి రాకపోదును.”

“ఏ మేడమ్‌కి?”

“మీ గజామూంగ్ మేడమే అక్కా. ఆర్డర్లు వచ్చేసినయ్. ఆమె నా బడికి, నేను మీ ఊరి బడికి. మీ పాపకు చదువు నేనే చెప్త ఇంక. మీరేం ఫికర్ పడకుండ్రి.”

నిజంగా సంతోషంగా ఉంది ఆమె. గొంతులో ఏడుపూ నవ్వూ కలిసి ఉన్నాయి. నేను “మంచిదమ్మా” అన్నాను. డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను. పక్కనున్న లెక్కల మేడమ్ “ఏమైంది?” అంది. “ఏం కాలే” అన్నాను. ఆవిడ గ్లాసుతో నీళ్ళిచ్చింది.

ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు. ఆమె అడిగింది నేను అడిగిందే. నేను పోగొట్టుకున్నది ఆమెకు దొరికింది, అంతే. కోపమంతా ఒకే చోటికి పోయి నిలబడింది.

గజామూంగ్ ఫోన్ సాయంత్రానికి కలిసింది. అప్పటికే నగర్‌నార్ చేరిపోయింది కాబట్టి కలిసింది. ఎత్తగానే ఆమె నా పేరు పెట్టి పిలిచింది. పిలిచి, “నేనే చేద్దామనుకుంటున్నాను నీకు” అంది.

“ఏమన్నవ్?”

“నేనే ఫోన్ చేద్దామనుకున్నా అన్నాను.”

“అది గాదు. దానికి ముందు ఏమని పిలిచినవ్?”

అవతల ఎక్కడో కుక్కర్ విజిల్ వినిపించింది.

“కొబ్బరికాయ ఇయ్యాలె నువ్వు” అన్నాను. అన్ని మాటలుండగా నా నోట్లోంచి అదెందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆమె నవ్వుతుందనీ, నాలుక కరుచుకుంటుందనీ, ఇదంతా ఏదో పొరపాటని చెప్తుందనీ ఆశపడ్డానేమో.

ఆమె విసుగ్గా ఊపిరి వదిలింది. “ఇంకా ఆ హాస్టల్ కబుర్లేంటి? మనమేమన్నా చిన్నపిల్లలమా?” అంది. తర్వాత చాలా చెప్పింది. అవకాశం ఒక్కసారే వస్తుందట. వాళ్ళాయన పట్టుబట్టాడట. బీజాపూర్ వచ్చి మళ్ళీ అక్కణ్ణుంచి ఇంకొక మ్యూచువల్ వెతుక్కోవడం తనవల్ల కాదట. తన స్థానంలో నేనున్నా ఇదే చేసేదాన్నట. కొంటా సారును వదులుకుని కూర్చున్నదాన్ని, నాతో అంటోంది ఆ మాట.

“ఎప్పట్నుంచి మాట్లాడుతున్నవ్ ఆమెతోని?”

“దీపావళి అప్పట్నుంచి అనుకుంటా.”

దీపావళి నుంచి! అంటే కొంటా సారు ఫోన్ చేసినప్పటికి ఆమెకు తెలుసు. ఒక్క మాట, ‘ఆయన్ని వదులుకోకు’ అని ఒక్క మాట అని ఉంటే నేను ఆమెను తిట్టుకుని ఊరుకునేదాన్ని, నా బిడ్డ దగ్గర ఉండేదాన్ని. చలికాలమంతా మా ఇంట్లో అన్నం తింది. నా కూతురు దుప్పటి మడతపెట్టి నా పెట్టె మీద పెట్టుకోవడం కళ్ళారా చూసి, గుట్టెక్కి, నవ్వుతూ నాకు చెప్పింది.

“నా బిడ్డకేం చెప్పినవ్ పోయేటప్పుడు?” అని అడిగాను.

“నిద్రపోతోంది. లేపలేదు” అంది. “బాధపడకు. నీకూ ఇంకో మ్యూచువల్ దొరుకుతుందిలే.”

దొరుకుతుందిలే! తప్పిపోయిన గొడుగు సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. స్నేహం పోయినందుకు కాదని, బిడ్డ కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. రెండింటికీ ఏడ్చాను.

మర్నాడు జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళాను. ఏం చెయ్యాలో తెలియకే వెళ్ళాను. అక్కడి సారు మర్యాదస్థుడే, కూర్చోమన్నాడు, మొత్తం విన్నాడు. ఇద్దరూ ఇష్టపడి సంతకాలు పెట్టాక మ్యూచువల్‌ను ఎవరూ ఆపలేరన్నాడు. అయినా నా దీనావస్థ చూసి ఒక మాటన్నాడు. “మీకు మాటిచ్చిన మేడమ్ పేరు చెప్పండి. ఆర్డరు మీద ఆమె ఇంకా జాయినింగ్ ఇచ్చి ఉండకపోతే ఫోన్ చేసి మాట్లాడతాను. నామ్ బతాయియే.”

చెప్పాలి కదా? ఎవరైనా చెప్తారు. నేను నోరు తెరిచాను. హాస్టల్లో పెసలు తిన్న రోజు నుంచి ఇన్నేళ్ళుగా పలకని మాట అది. నాలుక దాకా వచ్చి ఆగింది. “మా గజామూంగ్ సార్” అన్నాను.

పక్క కుర్చీలో గుమాస్తా కిసుక్కుమన్నాడు. సారు నవ్వలేదు. ఆయనా బస్తర్‌వాడే. కాగితం, పెన్ను నా వైపు జరిపి, “పలకొద్దు, రాయండి” అన్నాడు. రాయొచ్చు. హాస్టల్ పెద్దావిడ రాయొద్దని చెప్పలేదు. పెన్ను పట్టుకున్నాను కూడా. రాస్తే అది ఫిర్యాదు. రాస్తే ఆమె నాకు అందరిలాంటి మేడమ్. నిన్న ఫోన్లో ఆమె నన్ను పేరు పెట్టి పిలిచి ఎంత తేలిగ్గా దించేసుకుందో, అంత తేలిగ్గా దించుకోవడం నా చేతకాలేదు. పెన్ను కాగితం మీద పెట్టేసి లేచి వచ్చాను. లెక్కల మేడమ్ తర్వాత నన్ను బాగా తిట్టింది. అవతలిది తెంపుకుని పోయాక నువ్వొక్కదానివే పట్టుకుని కూర్చోవడమేంటి అని. ఆమెది న్యాయమే. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ పేరు రాయలేదు చూడండి. మిగతావాళ్ళవి మర్యాద కోసం మానేశాను, ఆమెది మాత్రం రాదు.

సెలవులకు ఇంటికి వెళ్ళాను. మా అత్తమ్మ అన్నం వడ్డిస్తూ ఆమెను పేరు పెట్టి తిట్టింది, ఆవిడకు అడ్డేముంది! “నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలైనయ్” అంది. పెసల గురించి అన్న మాట కాదది, మా ఇళ్ళలో మామూలుగా అనే సామెతే. ఆయన మాత్రం పొలం నుంచి వచ్చి నా పక్కన కూర్చుని, “వచ్చే ఏడు చూద్దాం తియ్యి” అన్నాడు. పిల్లను దగ్గరకు తీసుకుని, అమ్మ ఈసారి రావడం కుదరలేదని చెప్పే బాధ్యత నాకే వదిలేశాడు.

నేను చెప్పలేదు. ఎండాకాలమంతా చెప్పలేదు. పొద్దున్నే అత్తమ్మతో ఇప్పగింజలు ఏరడానికి వెళ్ళాం, ఏటికి వెళ్ళాం, దానికి రోజూ జడ నేనే వేశాను. పిల్ల తన దుప్పటి తెచ్చుకుని నా పక్కలోనే పడుకుంది. వానల కోసం ఆకాశం చూసేది. మొదటి వాన పడింది, అది వాకిట్లో గంతులేసింది. నాకు ఆ వాన చూస్తే భయమేసింది.

బళ్ళు తెరిచే ముందురోజు కొత్త మేడమ్ మా ఇంటికి వచ్చింది, నా కోసం ఒక చీర పట్టుకుని. పక్క గదిలో సామాను దించుకుంది. పిల్ల గుమ్మంలో నిలబడి ఆమెనూ, నన్నూ మార్చి మార్చి చూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే దానికి అర్థమైంది. ఆ రాత్రి దుప్పటి తీసుకుని నాయనమ్మ పక్కలోకి వెళ్ళిపోయింది.

పొద్దున జీపు కోసం బయట నిలబడ్డాను. నా సంచి పక్కన అది నిలబడింది, జడ వేయించుకోకుండా.

“పెసలమ్మ ఎందుకట్ల చేసింది?” అంది.

“తెల్వదు బిడ్డా.”

“నువ్వేం చేసినవ్ ఆమెకు?”

“నేనేం చెయ్యలే.”

“చెయ్యకుంటే ఆమె ఎట్ల చేస్తది? ఇద్దరూ ఒకటే చేస్తరు అని నువ్వే అన్నవ్ గదా.”

బీజాపూర్‌లో ఇద్దరిద్దరు పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి రెండు వైపులా నడిచే మాటలు నేర్పేదాన్ని నేను. ఇప్పుడు నా ఎదురుగా నా కూతురు నిలబడి అడుగుతోంది. చెయ్యి పట్టుకోబోతే వెనక్కి జరిగింది. జీపువాడు హారన్ కొట్టాడు. అత్తమ్మ నా సంచి అందించింది.

జీపు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. ఎప్పుడూ మలుపు దాకా జీపు వెంట పరిగెత్తే పిల్ల, నాయనమ్మ కొంగు పట్టుకుని అక్కడే నిలబడింది.